కొప్పు సుబ్బులు ఖాళీ బుడగ

కాటుక గారి బొమ్మల గురించి గుంటూరులో ఎవరిని కదిపినా ఒకటే కథ చెబుతారు. పత్తి మిల్లులో బస్తాల మీద మార్కాలు వేసుకునే మనిషి మద్రాసు వెళ్ళాడట. అక్కడ ఒక వారపత్రిక సంపాదకుడు అతని చేతిలో కుంచె పెట్టాడట. అంతటితో బొమ్మల కథలు వేసే మొనగాడు తెలుగుదేశంలో పుట్టాడట. మరి అంతకు ముందు వేసినవో అంటే, అవా, చేయి తిరగని రోజుల చిత్తు కాగితాలు, మాటలు రాయడం కూడా చేతగాక బొమ్మల నోటి దగ్గర గీసిన బుడగలు ఖాళీగా వదిలేశాడు అంటారు.

ఈ కథ తప్పు. చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఆ కాగితాలు వెతుక్కుంటూ ఊరి పొలిమేర దాటలేదు. నేను దాటాను. అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. పార్టీ మీద సర్కారు నిషేధం ఉన్న రోజుల్లో, అంటే ఇప్పటికి పదిహేనేళ్ళ కిందట, మిరపకాయలు ఎండబోసే కళ్ళాల్లో పనిచేసే ఆడవాళ్ళ మధ్య కొన్ని బొమ్మల కాగితాలు దొంగచాటుగా తిరిగాయి. బస్తాల మీద మార్కా వేయడానికి రేకు కత్తిరించి, దాని మీద రంగు అద్దుతారు కదా. అదే పద్ధతిలో రేకులో మనుషుల్ని కత్తిరించి, దీపపు మసి ఆముదంలో కలిపి అద్దిన బొమ్మలవి. అన్నిటిలోనూ ఒకే కూలిమనిషి. తలకన్నా పెద్ద కొప్పు. పేరు కొప్పు సుబ్బులు. కింద సంతకం ఉండదు. ఉంటే జైలు.

ఇప్పుడు మద్రాసు వారపత్రికలో మనం చూసే సుబ్బులుకూ అదే కొప్పు. కాకపోతే ఈవిడ ఒక గుమాస్తా గారి భార్య. మొగుడు కుర్చీ మీంచి పడితే "ఏమండీ" అంటుంది. బస్సు తప్పిపోతే "ఏమండీ" అంటుంది. నాలుగేళ్ళుగా ఆవిడ నోటి దగ్గర బుడగలో మరో మాట నేను చూడలేదు. నవ్వలేదా అంటే నవ్వాను. వారం వారం కాలేజీలో పాఠం చెప్పి వస్తూ, పత్రిక కొని రిక్షాలోనే చదివి నవ్వాను. అబద్ధం ఎందుకు.

కాటుక గారి బొమ్మలన్నీ కలిపి ఒక పెద్ద పుస్తకం వేయాలని మా ఊళ్ళో ఒక సంఘం బయల్దేరింది. కార్యదర్శి ఒక ప్లీడరు గారు. పాత కాగితాలు కూడా వేయాలని నేను పోట్లాడాను. ఆయన చాలా మర్యాదగా కళ్ళజోడు తుడుచుకుని, "మాటలు లేని బొమ్మ కథ ఎట్లా అవుతుంది, రాజ్యలక్ష్మి గారూ? ఆ మాటలేమిటో పట్టుకురండి, మొదటి పేజీలోనే వేయిస్తాను. లేదంటే చిట్టచివర, చిత్తుప్రతులు అని ఒక్క పేజీ," అన్నారు. పుస్తకం అచ్చుకు వెళ్ళడానికి పది రోజులుంది.

కాటుక గారినే అడగొచ్చు కదా అంటారేమో. మూడు ఉత్తరాలు రాశాను. ఆయన పలకలేదు. సరే, పలికేవాళ్ళ దగ్గరికే వెళదామని కాలేజీకి సెలవు పెట్టి, సంచీలో రెండు చీరలూ ఒక ఫౌంటెన్ పెన్నూ పడేసుకుని బయల్దేరాను.

తుళ్లూరు: మునసబు గారి పరుపు

తుళ్లూరులో దూదేకే మస్తాన్ గారిని కలవమని మా పాలమనిషి చెప్పింది. ఆయన మా జిల్లా సగం ఊళ్ళల్లో పరుపులు కుట్టిన మనిషి. నేను వెళ్ళేసరికి వాకిట్లో ఏకిన దూది మోకాలెత్తు పోగుపడి ఉంది. ఆయన కనుబొమలు కూడా దూదే.

పరుపు అన్నది మూడు నాలుగేళ్ళకోసారి విప్పాలి. గడ్డకట్టిన దూదిని మళ్ళీ ఏకి, నింపి కుట్టాలి. మా ఇంట్లో ఆ పని ఎవరో వచ్చి చేసి పోతారు, వాళ్ళ మొహం కూడా నేను సరిగ్గా చూసిన పాపాన పోలేదు. ఈ ఊరూరా తిరిగే పనే అప్పట్లో ఆ కాగితాలకు దారి అయిందట. గుంటూరులో ఎవరో ఇస్తారు. మస్తాన్ గారు దూది మూటలో పెట్టుకుని కళ్ళం కళ్ళానికీ చేరుస్తారు. ఒకసారి వెనకాలే పోలీసులు రావడంతో, చేతిలో మిగిలిన కాగితాన్ని అప్పుడే కుడుతున్న పరుపులోకి తోసి కుట్టేశారట. అది ఆ ఊరి మునసబు గారి పరుపు.

"ఆయన పిసినారి పంతులమ్మగారూ. ఇన్నేళ్ళూ పరుపు విప్పనీలా. నిరుడు కూతురి పెళ్ళికి విప్పమన్నాడు. చూద్దును గదా, సుబ్బులు భద్రంగా ఉంది. ఊళ్ళో పోలీసులకి కబురు పంపేవాడే ఆయన. కబురేమో ఆయన వీపు కిందే ఉంది."

కాగితం పసుపు పచ్చబడింది తప్ప చిరగలేదు. నాలుగు బొమ్మలు. మొదటిదాంట్లో సుబ్బులు కళ్ళంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. రెండోదాంట్లో చెట్టుకు కట్టిన చీర ఉయ్యాల్లో బిడ్డ నోరంతా తెరిచి ఏడుస్తోంది. మూడోదాంట్లో సుబ్బులు బిడ్డ ముందు నిలబడి, రెండు చేతులూ ఒంటికి దూరంగా చాపింది. ఎత్తుకోలేదు, వేళ్ళన్నీ మిరప మంట. నాలుగోదాంట్లో గొడుగు పట్టుకున్న ఆసామికి ఎదురుగా నిలబడింది. నోటి దగ్గర చేటంత బుడగ. బుడగలో ఏమీ లేదు.

రేకు కత్తిరించి చేసిన బొమ్మలో కళ్ళూ ముక్కూ ఉండవు, నల్లటి నీడ తప్ప. అయినా ఆ చాపిన చేతులు చూసి నా అరచేతులు చురుక్కుమన్నాయి. ఇది చేయి తిరగనివాడి పని అనేవాళ్ళ కళ్ళు ఇంకా తిరగలేదు.

ఇంతకీ ఇక్కడ సుబ్బులు ఏమంటుందని మస్తాన్ గారిని అడిగాను. లోపల్నుంచి ఆయన భార్య కాశింబీ చేతులు తుడుచుకుంటూ వచ్చి జవాబు చెప్పింది. "సాయిబుకేం తెలుసు, మోశాడంతే. కళ్ళంలో కూకుంది మేము. ఆసామి ముందుకెళ్ళి సుబ్బులు అంటది గదా: అయ్యా, నీ చేతులు కాసేపు అరువియ్యి, నా బిడ్డనెత్తుకుంటా."

ఇంకేముంది, వెతుక్కుంటూ వచ్చింది మొదటి రోజే దొరికింది. పెన్ను తీసి ఆ మాటను బుడగలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఏం రాస్తున్నానని కాశింబీ అడిగింది. మీ మాటే అన్నాను. ఆవిడ ఏదో అనబోయి, భర్త వైపు చూసి, ఊరుకుంది. ఎందుకని నేను అడగలేదు.

కాగితం నన్నే ఉంచుకోమన్నారు. ఆ పూట వాళ్ళింట్లోనే తిన్నాను. జొన్నన్నం, రోట్లో నూరిన గోంగూర, పక్కన పచ్చి ఉల్లిపాయ. మా ఇంట్లో గోంగూరకు చేసే తిరగమోత హడావుడి ఏదీ లేదు. మా గోంగూరకన్నా బాగుంది. ఈ మాట మా అక్కయ్య చదివితే పోట్లాటకు వస్తుంది. రమ్మనండి.

ఒంగోలు: తెర బయట ఇడ్లీ

బుడగ నిండిందన్న సంతోషంతో అక్కడినుంచే ఇంటికి వెళ్ళిపోయేదాన్నే. కానీ ప్లీడరు గారు సాక్ష్యం అంటే రెండుండాలంటారు. చీమకుర్తి వైపు కళ్ళాలకూ ఇదే కాగితం వెళ్ళిందని మస్తాన్ గారు చెప్పారు. అందుకని ఒంగోలు.

ఒంగోల్లో రైలు దిగి కాఫీ హోటలుకు వెళితే, ఒంటరి ఆడమనిషినని నన్ను తెర కట్టిన గదిలోకి పొమ్మన్నారు. బయట 'ఫామిలీ రూము' అని బోర్డు. నా వెంట ఫామిలీ లేదు కదా బాబూ, ఆ గదిలో నాకేం పని అని హాల్లో మధ్య బల్ల దగ్గర కూర్చున్నాను. పొగాకు వ్యాపారులు నలుగురు పేపర్లు అడ్డం పెట్టుకున్నారు. రెండిడ్లీ పదిహేను పైసలు. మా గుంటూరు కన్నా చవక. చట్నీ మాత్రం మూడోసారి అడిగితే ముఖం మాడ్చారు. నేను నాలుగోసారి కూడా అడిగాను.

చీమకుర్తి: నా సిరా

నల్లరాయి గుట్టల పక్కన ఊరు. రాళ్ళ మీద ఎండ పడి, తిరిగి మన మొహం మీద పడుతుంది. ఊరి బయట కళ్ళం కనిపించకముందే దగ్గు మొదలైంది. ఎండబెట్టిన మిరపకాయలు అరెకరం మేర ఎర్రగా పరిచి ఉన్నాయి. పందిరి కింద పదిహేను మంది ఆడవాళ్ళు తొడిమలు తీస్తున్నారు. నేను వరసగా తుమ్ముతుంటే ఎంతదాకా పోతుందోనని అందరూ కలిసి లెక్క పెట్టారు. పదకొండు దగ్గర ఆగింది. ఒకావిడ పందెం గెలిచింది.

వాళ్ళకి పెద్ద రమణమ్మ. యాభై పైబడ్డ మనిషి. కాగితం చూపించగానే ముందు నవ్వింది, దగ్గరికి లాక్కుంది, "ఓసేయ్, సుబ్బులొచ్చిందే," అని అందరినీ పిలిచింది. అంతలో ఆవిడ వేలు నాలుగో బొమ్మ మీద ఆగింది. బుడగలో గీతలేమిటని అడిగింది. నేను చదివి వినిపించాను, కొంచెం గర్వంగానే.

"ఇదెవురు నింపింది?" అంది రమణమ్మ.

నేనే అన్నాను. తుళ్లూరులో చెప్పిన మాట అన్నాను.

"తుళ్లూరు మాట తుళ్లూరుది. మా సుబ్బులు అట్టా అడుక్కోదు. 'బిడ్డ ఏడుపు నీకు వినపళ్ళా? అయితే నా అరుపు విను.' అదీ మేవన్నది."

"ఆ రోజు మజ్జానం నేనింకోటి అన్నాగా," అని వెనక నుంచి ఇంకొకావిడ. ఆ మాట ఇక్కడ అచ్చువేయడానికి వీలైంది కాదు. దానికి వాళ్ళందరూ ఇప్పటికీ విరగబడి నవ్వుతున్నారు.

అప్పుడు గానీ నాకు తలకెక్కలేదు. కాగితం కళ్ళానికి వచ్చిన రోజున ఒక్కొక్కరూ సుబ్బులు తరఫున ఒక మాట అనేవాళ్ళు. ఏ మాటకు ఎక్కువమంది నవ్వితే, లేదా ఏ మాటకు అందరి చేతులూ ఆగిపోతే, ఆ రోజుకు అదే సుబ్బులు మాట. మర్నాడు ఇంకొకటి. నేను పట్టు వదలకుండా, రాసి ఉంటే నయం కదా, మరిచిపోకుండా ఉంటుంది కదా అని వాదించాను. వాదన నా వృత్తి. రమణమ్మ కాగితం నా ఒళ్ళో పెట్టి, "రాస్తే పోలీసోడు చదువుతాడమ్మా. బొమ్మనైతే పట్టుకుపోయారు. నోట్లో మాటనెట్టా పట్టుకుపోతారు?" అంది.

కాటుక గారు ఖాళీ వదిలింది చేతగాక కాదు. ఆ ఖాళీ కోసమే మిగతా మూడు బొమ్మలూ వేశారు. దాన్ని నేను సిరాతో పూడ్చేశాను. గుంటూరు ప్లీడరు నోటితో చేసిన పని, నేను పెన్నుతో చేశాను.

తప్పుకు శిక్ష వేశారు. ఒక గంప మిరపకాయలకు తొడిమలు తీయాలి. తీశాను. పావు గంట బాగానే ఉంది. తర్వాత గోళ్ళ సందుల్లో మొదలైంది. అరగంటకు చేతులు రెండూ పొయ్యిలో పెట్టినట్టున్నాయి. చెమట పట్టి కన్ను దురద పెడితే, ఆలోచించకుండా వేలితో రుద్దుకున్నాను. ఆ తర్వాత కాసేపు నేను ఏ భాషలో మాట్లాడానో వాళ్ళనే అడగాలి. మజ్జిగతో కడిగారు. సజ్జరొట్టె తుంచి నోట్లో కూడా వాళ్ళే పెట్టారు, నా చేతులు ఇక దేనికీ పనికిరాకపోవడంతో.

సిరా పడని కాగితం ఎక్కడైనా ఉందా అని ఒంటికన్నుతో అడిగాను. దర్శి పల్లెలో కరుణమ్మ పంతులమ్మ దగ్గర ఉందన్నారు.

దర్శి: పెట్టె మూత లోపల

చీమకుర్తి మా గుంటూరు జిల్లా, దర్శి నెల్లూరు జిల్లా. సరిహద్దు దాటినందుకు మట్టి కూడా ఎర్రబడింది. కరుణమ్మ గారు మిషన్ బడిలో పని చేసి రిటైరైన మనిషి. పల్లెలో చర్చి వెనక రెండు గదుల ఇల్లు. కూర్చోమని మంచం వాల్చి, కాసేపు నా వంక చూసి, "మా ఇంట్లో మంచినీళ్ళు పుచ్చుకుంటారా అండీ?" అని అడిగారు. గుంటూరు నుంచి వచ్చేవాళ్ళను వాళ్ళు అలా అడగాల్సి రావడం మన ఘనకార్యం. నీళ్ళు సరే, అన్నం వండలేదా అన్నాను. ఆవిడ నవ్వి పొయ్యి వెలిగించారు. జొన్న సంకటి, చింతచిగురు పప్పు.

కాగితం నిజంగానే ఉంది. పెళ్ళినాటి ట్రంకుపెట్టె మూతకు లోపలి వైపు, మైదా జిగురుతో అతికించి. పోలీసులు వచ్చినప్పుడు మూత పూర్తిగా ఎత్తి వెనక్కి వాల్చేవారట. అందరూ పెట్టెలోకే తొంగి చూశారు తప్ప మూత వైపు చూసినవాళ్ళు లేరు. నాలుగు బొమ్మలు, తెల్లటి బుడగ. తడిపి ఊడదీద్దామా అని ఆశగా అడిగాను. ఊడదీస్తే ముక్కలవుతుందన్నారు. అలాగే వదిలేశాను. పెట్టెను నెత్తిన పెట్టుకుని గుంటూరు వెళదామా అన్న ఆలోచన రాకపోలేదు.

మీ కళ్ళంలో సుబ్బులు ఏమందని అడిగాను. కరుణమ్మ గారు బయటికి వెళ్ళి, అప్పుడే పని నుంచి వస్తున్న దీనమ్మనీ, మరో ఇద్దరినీ పిలిచారు. చెప్పింది కరుణమ్మ గారే.

ఆ కాగితం వచ్చిన రోజు, కళ్ళంలో వీళ్ళు చుట్టూ చేరి ఉండగా ఆసామి వచ్చాడట. దాచే వ్యవధి లేదు. ఆయనా కాగితం చూశాడు. గొడుగు పట్టుకున్న మనిషిని చూశాడు. "ఇదేం చెబుతోంది?" అని వేలు ఖాళీ బుడగ మీద పెట్టాడు. అప్పుడు సలోమి లేచింది. చంటిబిడ్డ తల్లి. బిడ్డ అక్కడే ఉయ్యాల్లో ఏడుస్తోంది. చేతులు వెనక్కి పెట్టుకుని, ఆసామి మొహంలోకి చూసి, ఒక మాట అంది. ఒకే ఒక మాట. అరవలేదు, తిట్టలేదు. ఆయన కాగితం కింద పెట్టి వెళ్ళిపోయాడు. పోలీసుల్ని పంపిస్తాడని రాత్రంతా ఎదురు చూశారు. పొద్దున్నే కళ్ళానికి ఇత్తడి గిన్నె వచ్చింది. నిండా ఆముదం. పనికి ముందు చేతులకు రాసుకోవడానికి. పక్కన కుండతో మజ్జిగ, పని అయ్యాక కడుక్కోవడానికి. ఆ గిన్నె ఆ ఏడాదీ వచ్చింది, మరుసటి ఏడాదీ వచ్చింది. ఈ ఉదయం కూడా వచ్చిందట. చుట్టుపక్కల మరే కళ్ళంలోనూ రాదు.

"ఏమంది?" అన్నాను.

దీనమ్మ పక్కావిడ వైపు చూసింది. ముగ్గురూ ఒకేసారి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

నేను బతిమాలాను. పుస్తకం సంగతి చెప్పాను. మొదటి పేజీలో వేస్తారన్నాను. మాట రాకపోతే ఈ బొమ్మలన్నీ చిత్తు కింద పోతాయన్నాను. సలోమి నోటినుంచే విందామంటే, ఆవిడ పోయి రెండేళ్ళయిందట. అయితే మీరూ పోతే ఆ మాట ఏమవుతుందని గట్టిగానే కోప్పడ్డాను. దీనమ్మ నవ్వడం మానేసింది.

"చూడమ్మా. మాట బయటికొస్తే పెద్దాయన ఊళ్ళో తల దించుకోవాల. తల దించుకున్నోడు ఆముదం పంపడు. మాట మా కాడుంది, ఆముదం ఆయన కాణ్ణించి వస్తంది. నా మనవరాలు ఇప్పుడు చంటిబిడ్డతో పనికొస్తంది. నీ పుస్తకానికి దాని చేతులు కాల్చమంటావా?"

వద్దన్నాను, మిమ్మల్ని మళ్ళీ అడగనన్నాను. ఇంకేమంటాను.

కానీ ఆడవాళ్ళను అడగనన్నాను తప్ప ఆయన్ని అడగనని ఎవరికీ మాటివ్వలేదు. మర్నాడు పొద్దున్నే ఆ ఆసామి ఇంటికి వెళ్ళాను. కరుణమ్మ గారు వద్దంటూనే దారి చూపించారు. డెబ్భై దాటిన మనిషి, వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎవరినో, ఎందుకొచ్చానో దాచకుండా చెప్పి, సలోమి మీతో ఏమన్నదని అడిగాను. ఆయన నా వంక చూడలేదు. తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. ఎండలో వచ్చావు, మజ్జిగ తాగమ్మా అన్నాడు. తాగాను. గ్లాసు కింద పెట్టాక అడిగాడు:

"వాళ్ళు చెప్పారా?"

"లేదండి."

"చెప్పరు," అన్నాడు. ఆ గొంతులో ఉన్నది నిశ్చింతో, మరొకటో నాకు పట్టుబడలేదు. లోపలికి కేక వేసి, కళ్ళానికి గిన్నె వెళ్ళిందా అని మాత్రం కనుక్కున్నాడు.

గుంటూరు: బ్లాకు

ప్లీడరు గారి బల్ల మీద నా సిరా కాగితం పెట్టి, చీమకుర్తిలో నేర్చుకున్నదంతా చెప్పాను. నా అక్షరాలు చెరిపించి, బుడగ ఖాళీగానే అచ్చుకు బ్లాకు చేయించాలని, అది మొదటి పేజీలోనే రావాలని అన్నాను. చదివేవాళ్ళు నవ్వుతారన్నారాయన. నవ్వనివ్వండి, నవ్వు అయ్యాక వాళ్ళకు తోచింది అందులో అననివ్వండి, అందుకే ఉంది అన్నాను. దర్శి సంగతి విని ఆయన ముందుకు వంగారు. మళ్ళీ వెళ్ళి, ఆ ఆడవాళ్ళకు తలా ఒక చీర పెట్టి ఎలాగైనా రాబట్టమన్నారు. అదీ కుదరకపోతే అలాంటిదే ఒక మాట నన్నే కల్పించి రాయమన్నారు, నాకు భాష ఉంది కదా అని.

రెండూ చేయనన్నాను. బ్లాకులు చేసే ఆయన ఇంటికి నేనే వెళ్ళి, నా సిరాను ఆయన సన్నటి కుంచెతో తెల్లగా కప్పేదాకా ఎదురుగా కూర్చున్నాను. మొదటి పేజీనో చివరి పేజీనో సంఘం ఇంకా తేల్చలేదు. చివర వేస్తే ప్లీడరు గారికి నా నుంచి రావాల్సిన మాటలు చాలా ఉన్నాయి, వాటికి ఏ ఖాళీలూ ఉండవు.

అడగనని చెప్పాను, అడగను. అంతమాత్రాన తెలుసుకోవాలని లేదని కాదు. పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోతున్నాను. పొయ్యి ముందు నిలబడి నాకు తోచిన మాటలన్నీ ఒక్కొక్కటిగా ఆ బుడగలో పెట్టి చూస్తున్నాను. వేడుకోలు పెడితే గిన్నె ఒక్కరోజు వచ్చి ఆగిపోయేది. తిట్టు పెడితే పోలీసులు వచ్చేవాళ్ళు. మరి పదిహేనేళ్ళపాటు ఒక మనిషి చేత పొద్దున్నే లేచి ఆముదం పంపిస్తూ, తలుచుకుంటే ముగ్గురాడవాళ్ళను ఇప్పటికీ నవ్విస్తూ ఉన్న ఆ ఒక్క మాట, చేతులు వెనక్కి పెట్టుకుని సలోమి అన్న మాట, ఏమిటి?